నిప్పంటుకున్నట్టు మాడిన వేపచెట్టును కొట్టేయాలా?

ప్రశ్న: మా ఇంటి ముందున్న వేపచెట్టు మా మామగారు నాటింది. నేను కాపురానికొచ్చేనాటికే వాకిలంతా నీడ పరిచేది. మొన్న వినాయక చవితి రోజుల్లో పై కొమ్మల చివర్లు గోధుమరంగుకు తిరిగాయి. దసరాకి సగం చెట్టు, ఇప్పుడు సంక్రాంతి దాటేసరికి మొత్తం చెట్టు, ఎవరో కింద మంట పెట్టినట్టు మాడిపోయింది. ఆకు రాలలేదు, కొమ్మకే అంటుకుని వేలాడుతోంది. కొట్టించేద్దామని మావారు అంటున్నారు. ఎండిన వేప ఇంటి ముందు ఉంటే అరిష్టమని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. మందు కొట్టిద్దామని మా అబ్బాయి అంటాడు కానీ చెట్టు పక్కనే మేం నీళ్లు తోడుకునే బావి ఉంది. చెట్టు బతుకుతుందా? పెరట్లో మామిడికి, జామకి కూడా అంటుకుంటుందా? ఈ ఆకు, పువ్వు వాడుకోవచ్చా? దీని గురించి ఆలోచిస్తే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. (ఒక పాఠకురాలు)

సమాధానం:

అమ్మా, చెట్లు కొట్టేవాళ్లతో ఇప్పటికే మాట్లాడి ఉంటే, వద్దని ఈరోజే కబురు పెట్టండి. జనవరిలో ఇలాంటి వేపచెట్టును కింద నిలబడి చూసి, చచ్చిందో బతికుందో ఎవరూ చెప్పలేరు. మీరు రాసిన గుర్తుల్ని బట్టి అది బతికే ఉందని నా నమ్మకం. నా నమ్మకం మీద ఆధారపడనక్కర్లేదు. మీ చేత్తో మీరే తేల్చుకోవచ్చు.

చేతికందే ఎత్తులో బొటనవేలు లావున్న కొమ్మ ఒకటి చూసుకోండి. చివర నుంచి మొదలుపెట్టి జానెడు దూరానికోసారి గోరుతోనో చిన్న చాకుతోనో పైబెరడు కాస్త గీకండి. చివర్లో గీకినచోట లోపల పొడిగా, కాఫీపొడి రంగులో ఉంటుంది. వంచితే పుటుక్కుమని విరుగుతుంది. అలా వెనక్కి వస్తూ ఉంటే ఒకచోట గోరు కింద తడి తగులుతుంది. బెరడు కింద పలచటి పచ్చటి పొర కనిపిస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే వేప చేదు వాసన వస్తుంది. తెగులు అక్కడిదాకా వచ్చి ఆగింది. దాని వెనకున్న కొమ్మ, ఆ కొమ్మను మోసే పెద్ద కొమ్మ, మాను, అన్నీ ప్రాణంతోనే ఉన్నాయి. నాలుగు దిక్కులా నాలుగు కొమ్మల మీద ఇలా గీకి చూడండి. మీవారిని కూడా పక్కన నిలబెట్టుకుని చేయండి. ఆ పచ్చదనం కళ్లారా చూశాక కొట్టేద్దామనే మాట ఆయన నోట రాదు.

దీన్ని వేపలో కొమ్మ ఎండు తెగులు అంటారు. వ్యవసాయాధికారులు, పేపర్లవాళ్లు డైబ్యాక్ అనే ఇంగ్లిష్ మాటే ఎక్కువగా వాడతారు. చివర నుంచి వెనక్కి చచ్చుకుంటూ రావడమని దాని అర్థం. దీనికి మూలం ఒక శిలీంధ్రం, అంటే బూజు జాతిది. పేరు ఫోమాప్సిస్ అజాడిరాక్టే. ఇప్పటి వర్గీకరణలో డయాపోర్తే అనే ప్రజాతిలో చేర్చారు కాబట్టి ఎక్కడైనా ఆ పేరుతో కనిపిస్తే అది వేరే తెగులు అనుకోకండి. మన దేశంలో 1990లలోనే, డెహ్రాడూన్ ప్రాంతంలో దీన్ని గుర్తించారు. ఈ శిలీంధ్రాన్ని కొత్త జాతిగా 1997లో వర్ణించారు. మన దగ్గర మాత్రం జనం కంట బాగా పడింది 2021లో. ఆ ఏడాది వానాకాలం చివర్లో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ రోడ్ల వెంట, గుళ్ల దగ్గర, పొలం గట్ల మీద వేపలన్నీ ఒక్కసారిగా ఎర్రబారిపోయాయి. వేపకు కరోనా వచ్చిందని కూడా కొందరన్నారు. అప్పుడు భయంతో కొట్టించేసినవాళ్లు చాలామందే ఉన్నారు. కొట్టకుండా వదిలేసిన చెట్లలో ఎక్కువ భాగం ఎండాకాలం వచ్చేసరికి మళ్లీ పచ్చబడ్డాయి.

మా వీధి సంగతి చెబుతాను. ఆ ఏడాది వీధి మలుపులో ఉన్న పెద్ద వేప మీ చెట్టులాగే మాడింది. చచ్చిన చెట్టు గాలికి ఎవరి మీదైనా పడుతుందని వీధివాళ్లే చందా వేసుకుని జనవరి నెలాఖరులో కొట్టించారు. నేనూ ఊళ్లో ఉన్నాను, అడ్డుపడి ఉండాల్సింది, పడలేదు. తెలిసి కూడా నోరు మెదపనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మార్చి మొదటివారంలో అటుగా వెళ్తుంటే ఆ మోడు చుట్టూ చిగుళ్లు వచ్చాయి. ఒకటి రెండు కాదు, బెరడు పగుళ్లలో నుంచి గుత్తులు గుత్తులుగా, లేత రాగిరంగులో, ముట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. మానుని కొట్టేశాక కూడా వేరు తన పని తాను చేసుకుంటూనే ఉందన్నమాట. ఆ చెట్టుని కొట్టకుండా ఇంకో ఐదు వారాలు ఆగి ఉంటే చాలేది. మీ ఉత్తరం చదవగానే మొట్టమొదట ఆ మోడే గుర్తొచ్చింది, అందుకే ముందు కొట్టించొద్దని రాశాను.

ఆకు రాలకుండా వేలాడుతోందని రాశారు కదా, అది మంచి గమనిక. మామూలుగా వేప ఆకు రాల్చేటప్పుడు కాడ మొదట్లో ఒక సన్నటి పొర తయారై, ఆకుని తెంపి కింద వేస్తుంది. అది ప్రాణమున్న కొమ్మ చేసే పని. కొమ్మ చివర హఠాత్తుగా చచ్చిపోతే ఆ పొర తయారయ్యే వ్యవధే ఉండదు. అందుకే ఎండిన ఆకు అలాగే అంటుకుని నెలల తరబడి ఉంటుంది, చూసేవాళ్లకి చెట్టు మొత్తం కాలిపోయినట్టు అనిపిస్తుంది. వేప కొమ్మల్లో ఆకంతా చివర్లలోనే గుంపుగా ఉంటుంది. తెగులు తినేది కూడా ఆ చివర్లనే. అంటే చెట్టులో చచ్చిన భాగం నిజానికి తక్కువ, కంటికి కనిపించే భాగం మాత్రం అంతా అదే. జనం మోసపోయేది ఇక్కడే.

ఎండిన పుల్ల ఒకటి తెంపి ఎండలో దగ్గరగా పట్టుకుని చూడండి. బెరడు మీద ఆవగింజలో పావు వంతు కూడా లేని నల్లటి చుక్కలు కనిపించవచ్చు, వేలితో రాస్తే గరుగ్గా తగులుతాయి. శిలీంధ్రం విత్తనాల్లాంటి బీజాలు తయారయ్యేది ఆ చుక్కల్లో. ఎండలో అవి కదలవు. వాన పడి పుల్ల నానితే బీజాలు బయటికొస్తాయి. చినుకు తుంపరతో, వాన గాలితో, పురుగుల కాళ్లకంటుకుని పక్క కొమ్మల లేత చిగుళ్ల మీదికి చేరతాయి. అందుకే వానలు మొదలయ్యాక తెగులు మొదలై, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ముదురుతుంది. పువ్వు గుత్తుల్ని, కాయల్ని కూడా ఎండబెడుతుంది. బాగా పట్టిన చెట్టుకు ఆ ఏడు కాయ దాదాపు ఉండదు. విత్తనంలో కూడా ఉంటుంది కాబట్టి ఈ చెట్టు కింద మొలిచిన మొక్కల్ని తీసి వేరేచోట నాటొద్దు.

దీనికి తోడు ఇంకో శత్రువు ఉంది. జీడిమామిడి తోటలున్నవాళ్లకి తేయాకు దోమ అంటే బాగా తెలుసు. పేరుకి దోమే గానీ, అది రసం పీల్చే నల్లి జాతి పురుగు. సన్నగా, పొడుగు కాళ్లతో ఉంటుంది, వీపు మీద గుండుసూది గుచ్చినట్టు చిన్న ముల్లు నిలబడి ఉంటుంది. వేప చిగురు దానికి చాలా ఇష్టం. మూతి గుచ్చి రసం పీలుస్తూ లాలాజలాన్ని లోపలికి వదులుతుంది, అది విషంలా పనిచేస్తుంది. గుచ్చినచోట ముదురు మచ్చ పడి, జిగురులాంటి బొట్టు కారి, చిగురు వంగి ఎండిపోతుంది. ఆ గాయంలో నుంచి శిలీంధ్రం సులువుగా దూరుతుంది. ఒక చెట్టు మీద ఈ రెండూ కలిసి ఉండటమే ఎక్కువ. ఉదయం ఎండ ఎక్కకముందు లేత చిగుళ్లను పరీక్షగా చూస్తే కనబడుతుంది.

వేపకే తెగులు రావడమేమిటండీ, అది అందరికీ మందు కదా అని చాలామంది అడుగుతారు. వేపలో పురుగుల్ని ఆపే అజాడిరాక్టిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండేది గింజల్లో. లేత చిగురులో అంత బలం ఉండదు. పైగా ఒక చెట్టుని ఏళ్ల తరబడి అంటిపెట్టుకుని బతికే శిలీంధ్రం ఆ చెట్టు చేదుకి అలవాటుపడే ఉంటుంది. అందుకని వేపనూనె పిచికారీ చేస్తే పోతుందని ఎవరైనా అంటే నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

ఇక మందు సంగతి. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అప్పట్లో కొన్ని మందులు సూచించారు. కార్బెండాజిమ్ లాంటి శిలీంధ్రనాశినులు, తేయాకు దోమకి ప్రొఫెనోఫాస్. మందులకు నేను వ్యతిరేకం కాదు. నారుమళ్లకి, కొత్తగా నాటిన తోటలకి, మనిషి ఎత్తు దాటని మొక్కలకి అవి పనికొస్తాయి. కార్బెండాజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, వానలు మొదలై కొత్త చిగురు వచ్చే రోజుల్లో ఆకులు తడిసేలా కొడితే చిన్న మొక్కలు తట్టుకుంటాయి. మీది రెండంతస్తుల ఎత్తు చెట్టు అయి ఉంటుంది. చేతిపంపుతో కొడితే చిటారుకొమ్మలకు అందదు, అందిన మేరకు కొడితే సగం కిందికి కారి బావిలోకి చేరుతుంది. ప్రొఫెనోఫాస్ అయితే ఇంటి ముందు అసలే వద్దు. తేనెటీగల్ని, చేపల్ని చంపుతుంది, పీల్చినవాళ్లకీ ప్రమాదమే. మీరు తాగే నీటి పక్కన దాని మూత కూడా తీయొద్దని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి. ఇప్పుడు ఈ పొడి కాలంలో కొట్టినా ప్రయోజనం ఉండదు, చచ్చిన చివర్లను ఏ మందూ లేపలేదు.

మరి మీరు చేయగలిగిందేమిటి? కత్తిరింపు, నీళ్లు, మొదట్లో కాస్త ఖాళీ. ఇవి మూడూ మందుకన్నా మేలు.

కత్తిరింపుకి ఇదే మంచి కాలం. వానల్లో కోస్తే తాజా గాయంలోకి బీజాలు చేరతాయి, ఇప్పుడు పొడిగా ఉంది కాబట్టి గాయం త్వరగా ఎండుతుంది. అందినంతవరకు ఎండిన పుల్లలన్నీ తీయించండి. ఎండు భాగం అయిపోయినచోట కాకుండా, గోరుతో గీకి పచ్చ కనబడినచోట నుంచి ఇంకో జానెడు వెనక్కి వచ్చి కోయాలి. శిలీంధ్రం కంటికి కనిపించే గీతకన్నా కాస్త ముందే ఉంటుంది, మనవాళ్లు కోతలో చేసే పొరపాటు అక్కడే. ఒక కొమ్మ కోశాక కత్తిని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి ఇంకో కొమ్మకి వెళ్లమనండి. వేలు లావుకన్నా పెద్ద గాయాలుంటే బోర్డో పేస్టు పూయించండి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. మీకు అంత అక్కర్లేదు, 100 గ్రాములు మైలుతుత్తం, 100 గ్రాములు సున్నం, ఒక లీటరు నీళ్లు చాలు. రెండిటినీ విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో నానబెట్టి తర్వాత కలపాలి, ఇనుప పాత్ర వాడొద్దు. తీసిన పుల్లలన్నీ ఆరోజే కాల్చేయండి. పొయ్యిలోకి పనికొస్తాయని గోడవారన పేర్చి ఉంచితే వచ్చే వానకి ఆ కుప్పే తెగులుకి నారుమడి అవుతుంది. పై కొమ్మలకి మనిషిని ఎక్కించే సాహసం చేయకండి. ఎండు వేప కొమ్మ మనిషిని మోయదు. అవి వాటంతటవే గాలికి విరిగి పడతాయి, పుల్లలే కాబట్టి పెద్ద ప్రమాదం ఉండదు. పడ్డవి మాత్రం ఏరి కాల్చండి.

నీళ్ల గురించి. పెద్ద వేపకి నీళ్లు పోయడమేమిటి అనిపిస్తుంది. ఆకంతా పోగొట్టుకున్న చెట్టు వేరులో దాచుకున్న ఆహారంతోనే కొత్త చిగురు తీయాలి. ఈ ఏడు దానికి సాయం కావాలి. మాను మొదట్లో కాదు, కొమ్మల నీడ అంచు ఎక్కడ పడుతుందో అక్కడ చుట్టూ పాదు చేసి, పది పదిహేను రోజులకోసారి నిండుగా తడపండి. రోజూ ఒక చెంబెడు పోస్తే పైమట్టి తడుస్తుందే తప్ప వేరుకి అందదు. బాగా మాగిన పశువుల ఎరువు నాలుగైదు గంపలు వేయండి. ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని కలపమని కొందరు చెబుతారు, కలిపితే నేలకి మంచిదే కానీ కొమ్మ చివరనున్న తెగులుకి అది మందు కాదు. యూరియా వేయొద్దు. యూరియాతో వచ్చే మెత్తటి చిగురు కోసం తేయాకు దోమ ఎగబడుతుంది.

మీ చెట్టు మొదట్లో సిమెంటు వేశారా? ఉత్తరంలో రాయలేదు. ఇంటి ముందు వేపలకి ఈమధ్య మాను దాకా సిమెంటు చేయించి, పైన టైల్స్ వేసి అరుగు కట్టేస్తున్నారు. వేరుకి గాలి ఆడదు, వాన నీరు దిగదు. అలాంటి చెట్టుకి ఈ తెగులు వస్తే కోలుకోవడం కష్టమవుతుంది. ఉంటే మాను చుట్టూ రెండు మూడు అడుగుల మేర పగలగొట్టించండి. బట్టలారేసుకునే మేకులు, కేబుల్ తీగలు కొట్టి ఉంటే అవి కూడా తీయించండి.

పెరట్లో చెట్ల విషయానికొస్తే, మామిడికి కూడా కొమ్మలెండే తెగులుంది కానీ అది ఎక్కువగా లాసియోడిప్లోడియా అనే ఇంకో శిలీంధ్రంతో వస్తుంది. ఇది వేపని పట్టిన తెగులు, మామిడికి దీని వల్ల భయం లేదు. జామ మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి, తెగులు కోసం కాదు, తేయాకు దోమ కోసం. అది జామ చిగుళ్లనీ పిందెల్నీ గుచ్చుతుంది. పిందె మీద మొటిమల్లాంటి గట్టి మచ్చలు వస్తే దాని పనే.

ఈ శిలీంధ్రం మనుషులకి, పశువులకి అంటదు. అయినా మాడిన ఆకు, మచ్చలున్న ఆకు ఎందుకూ వాడకండి. కొత్తగా వచ్చే ఆకు, పువ్వు శుభ్రంగా ఉంటే, మందు కొట్టి ఉండకపోతే నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఉగాదికి ఈసారి మీ చెట్టు పువ్వు ఇస్తుందో లేదో, ఇచ్చినా కొద్దిగానే ఇస్తుంది. ఇంకో చెట్టు నుంచి తెచ్చుకుని దీన్ని ఈ ఒక్క ఏడు వదిలేయండి.

అరిష్టమన్న మాటకి నేను సమాధానం రాయడం కన్నా, పక్కింటివాళ్లనే పిలిచి గోరుతో గీకి ఆ పచ్చ చూపించండి. మీ చెట్టొక్కటే మాడి ఉంటే ఏదో అనుకోవచ్చు, ఊళ్లో ఎన్ని వేపలు ఇలా ఉన్నాయో ఒకసారి నడిచి చూడమనండి.

నిజంగా భయపడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. మాను మొదట్లో, నేలకు దగ్గరగా, చెక్కముక్క అతికించినట్టు గట్టి పుట్టగొడుగు అరలు అరలుగా వస్తే అది గానోడెర్మా కావచ్చు. అది వేరుని, మొదలుని కుళ్లబెట్టే శిలీంధ్రం. మానుని సుత్తితో తట్టినప్పుడు డొల్ల శబ్దం రావడం, మొదట్లో బెరడు ఊడిపోవడం, చెట్టు ఒకవైపు ఒరగడం కూడా అలాంటివే. వీటిలో ఏది కనిపించినా పిల్లల్ని దాని కింద ఆడనివ్వకండి, తెలిసినవాళ్లని పిలిపించి చూపించండి. అప్పుడు కూడా కొట్టించే ముందు అటవీశాఖ వాళ్లని అడగాలి. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం సొంత స్థలంలోని చెట్లకి కూడా వర్తిస్తుంది.

అవేవీ లేకపోతే ఏప్రిల్ నెలాఖరు దాకా ఆగండి. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో పెద్ద కొమ్మల మీద, ఊహించనిచోట్ల, రాగిరంగు చిగురు పొటమరిస్తుంది. ఏప్రిల్ అయిపోయినా ఒక్క చిగురూ రాక, మాను మీద గీకినా లోపల గోధుమరంగే కనిపిస్తే, అప్పుడు మీవారి మాట వినొచ్చు. నాకు అలా అవుతుందని అనిపించడం లేదు.

ఒక సంగతి ఇప్పుడే చెప్పి పెడుతున్నాను. చిగురించిందని సంబరపడ్డాక, వచ్చే ఆగస్టులో వానలు పడితే చివర్లు మళ్లీ ఎండొచ్చు. చాలా చెట్లకి ఏటా వస్తోంది. కానీ పుల్లలు కాల్చి, వేరుకి నీళ్లు అందిన చెట్టు రెండో ఏడు కాస్త తక్కువ ఎండుతుంది. అది మీకు తెలియాలంటే ఇప్పుడు కోసినచోటికి కాస్త వెనక, పచ్చగా ఉన్న దగ్గర, ఒక్క కొమ్మకి ఎర్రదారం వదులుగా కట్టి ఉంచండి. దీపావళి వెళ్లాక మళ్లీ అదే కొమ్మని గీకి చూసి, ఎండు ఆ దారం దాటి కిందికి దిగిందో, పైనే ఆగిందో నాకు రాయండి.